బావగారి కారు ఎరుపు

నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. అదీ చాలావరకు గది బయట ఎండలో నిలబడి చదివిందే. అంచేత మొన్న అమలాపురంలో కార్లకి సిరామిక్ కోటింగ్ వేసే షాపాయన, ఎండ రంగుని ఎలా తినేస్తుందో నాకు పాఠం మొదలెడితే నవ్వాపుకుని, "ఆయ్, చెప్పండి" అన్నాను. ఆయన చెబుతున్నంతసేపూ నాకు మా బావగారి ఎర్ర కారే కళ్లముందు మెదిలింది.

కువైట్‌లో భవనాల పని చేసే బావగారు, సెలవులో వచ్చినప్పుడు ముచ్చటపడి ఆ కారు సెకండ్ హ్యాండులో కొన్నారు. నెల తిరక్కుండానే మళ్లీ విమానం ఎక్కాల్సొచ్చింది. వెళ్లేముందు బానెట్ మీద అరచేయి ఆనించి, "ఏవోయ్, నేనొచ్చేసరికి ఈ ఎరుపు ఇలాగే ఉండాలి" అన్నారు. ఆయన నన్ను ఎప్పుడైనా ఏదైనా అడిగారంటే అదొక్కటే. మాటిచ్చేశాను. రాజోలు దగ్గర మా అక్కా వాళ్లింటికి షెడ్డు లేదన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

దొడ్డినిండా కొబ్బరిచెట్లే. ఆ నీడన పెడితే కాయ పడి టాపు సొట్టపోతుంది, ఎండన పెడితే రంగు వెలిసిపోతుంది. టార్పాలిన్ కప్పితే లోపల చెమ్మపట్టి మచ్చలొచ్చాయి. నా తెలివి అక్కడితో ఆగినా బాగుండేది. తలకీ ఒంటికీ రాసుకునే కొబ్బరినూనె కారుకి మాత్రం ఎందుకు పనికిరాదని, గిన్నెడు పట్టించాను. ఓ పూటంతా పెళ్లికొడుకులా మెరిసింది. సాయంత్రానికి రోడ్డు మీది దుమ్మంతా అంటుకుని పిండిలో ముంచిన బజ్జీలా తయారైంది. అక్క వచ్చి చూసి, మూకుడు పెట్టమంటావా అని అడిగింది.

ఆ రోజే పంతం పట్టాను. షాంపూ నీళ్లతో జిడ్డు వదలగొట్టి, అమలాపురం నుంచి వ్యాక్స్ పాలిష్ తెచ్చాను. రేకు వేడెక్కకముందే, అరచేతంత మేర చొప్పున రాసి, ఆరాక మెత్తటి గుడ్డతో తుడవాలి. రెండు నెలలకోసారి ఆ పూత, రోజూ పైన అక్క పాత నూలుచీరలు కలిపి కుట్టిన కవరు. జ్వరమొచ్చినా ఆ పని ఇంకొకరికి అప్పజెప్పలేదు.

రెండేళ్లకి బావగారొచ్చారు. కారు చుట్టూ తిరిగి, చేత్తో తడిమి, "అలాగే ఉందోయ్" అన్నారు. నేను ఛాతీ విరుచుకుని అక్క వైపు చూశాను. అక్క కారుని చూడటం లేదు. ఎండకి కమిలిపోయిన ఆయన మెడని చూస్తోంది.

ఆయన భోంచేసి నడుం వాల్చాక, వంటింట్లో నాతో నెమ్మదిగా అంది: "కారు మీద రెండేళ్లు పడకుండా బానే కాసేవురా. మీ బావ మీద పదేళ్లు పడ్డాయి. అక్కడ ఆయన్నెవరు కాసేరు?"