బండ పడ్డ బావి

ఫోనులో అంగారకుడి మీది పెద్ద గుంత ఫొటో చూస్తుంటే ఎండుమన్ను వాసన వచ్చినట్టయింది.

నేను నాలుగో తరగతిలో ఉండగా మర్రిగూడ దగ్గర మా చెలకలో నాయిన బావి తవ్వించాడు. చెమ్మయినా తగలకముందే బండ పడింది. అంటే, తవ్వుతుంటే అడుగున రాతి పొర తగిలింది. పని ఆగిపోయింది. గుంత చుట్టూ పోసిన ఎర్రమన్ను మీద నాయిన ఊరికే కూర్చునేవాడు.

ఆ వారమే బళ్లో సారు అచ్చం అలాంటి గుంత బొమ్మ చూపించారు. "ఇది అంగారకుడు. ఈడ పెద్ద బండ పడ్డది" అన్నారు. ఆయన చెప్పింది ఆకాశం నుంచి పడిన బండ గురించి. నాకు తెలిసిన బండ పడడం ఒకటే.

బడి వదలగానే చెలకకు ఉరికాను.

"నాయినా, అంగారకుడి మీద గూడ బాయి తవ్విండ్రు. ఆళ్లకు గూడ బండ పడ్డదట!"

బండ పడ్డాక మొదటిసారి నాయిన నవ్వాడు. "గంత దూరం పోయినా గిదే కతనా! అయితే ఆళ్లకంటే ముందు మనమే పగలగొడదాం పా."

మర్నాడే మందు పెట్టి పేల్పించాడు. బండ పగిలింది, నీళ్లు పడ్డాయి.

ఇప్పుడీ ఫొటో కింద, ఈ గుంతలో ఒకప్పుడు నీళ్లుండేవని రాసి ఉంది. నాయినకు చదివి వినిపించాను. ఆయన ఫొటోను కాసేపు చూశాడు.

"చూసినవా బిడ్డా, ఆళ్లు గూడ ఇడిసిపెట్టలే."