అందరి చిరునామా ఒక హల్వా దుకాణం

ఆ రోజుల్లో మాకు ఎవరి అసలు పేర్లూ తెలియవు. ఎవరు ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరే వాళ్ల పేరు. బహ్రెయిన్‌లో రెండేళ్లు ఒకే గదిలో పడుకుని, ఒకే కుక్కర్‌లో వండుకుని తిన్న మనిషి పాస్‌పోర్టులో ఏ పేరుందో నాకు ఇప్పటికీ తెలియదు. మాకు ఆయన మెట్‌పల్లి అన్న, అంతే. అలాంటి నేను జీతం తీసుకున్నది మాత్రం పేర్లు చూసుకునే ఉద్యోగానికి. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ నవ్వు పూర్తయ్యేలోపే మెట్‌పల్లి అన్న గుర్తొస్తాడు. ఈ వయసులో నవ్వు ఒంటరిగా రావడం మానేసింది.

ఊళ్లో వాళ్ల లెక్కలో నేను దుబాయి పోయాను. (మా వైపు గల్ఫ్ అంతా దుబాయే. బహ్రెయిన్ అని ఎన్నిసార్లు చెప్పినా మా మేనత్త, "గదే, దుబాయిల ఉన్న బారేను" అని తేల్చేసేది.) ఫోన్ కార్డు గీకి, దాని మీది నంబర్లన్నీ నొక్కి, "హలో, హలో, వినబడుతుందా" అనేలోపు సగం కార్డు అయిపోయే కాలం అది. మా ఆఫీసు ఉమ్మ్ అల్ హస్సామ్ అనే పేటలో ఒక దర్జీ దుకాణం పైన రెండు గదులు. ఒక గదిలో ఏసీ కింద కంప్యూటర్లు చల్లగా ఉండేవి, రెండో గదిలో మేము చెమటలు కక్కుతూ ఉండేవాళ్లం. మేము అంటే నేనూ, మా మేనేజరూ. ఆయన మలయాళీ. అందరూ చేట్టన్ అనేవారు, అంటే అన్న అని. కోపం వస్తే మలయాళం, ఇంకా వస్తే హిందీ, మరీ వస్తే మౌనం, ఇదీ ఆయన వరస. మౌనానికే నేను ఎక్కువ భయపడేవాణ్ణి.

మా పని చెప్పడం తేలిక. ఇంటర్నెట్‌లో మనం ఒక పేరు కొడతాం. కంప్యూటర్‌కు పేరు ఎక్కదు, దానికి అంకె కావాలి. ఫలానా పేరు ఎక్కడుంది అని ప్రపంచంలో ఎవరు అడిగినా, ఫలానా అంకె దగ్గర అని జవాబిచ్చేదే నేమ్ సర్వర్. మా దగ్గర బడులు, క్లినిక్కులు, కారు సామాన్ల దుకాణాలు, అత్తరు కొట్లు తమ పేర్లను ఉంచుకునేవి. ఒక్కో పేరుకు ఒక్కో ఫైలు. అంకె మారితే ఆ ఫైలు తెరవడం, మార్చడం, మూసేయడం. ఆ పేర్లలో దొంగచాటుగా మా గది పేరు కూడా ఒకటి నేను ఇరికించాను. గదిలో ఐదుగురికీ ఐదు మెయిల్ చిరునామాలు. ఊళ్లలో నెట్ సెంటర్ నుంచి ఎవరో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి పంపితే, నేను ఆఫీసులో కాగితం మీద తీసుకుని సాయంత్రం గదిలో చదివి వినిపించేవాణ్ణి. చేట్టన్‌కు ఈ సంగతి తెలుసు. తెలియనట్టు ఉండేవాడు, అది ఆయన మంచితనం.

మెట్‌పల్లి అన్న హమద్ టౌన్‌లో ఇళ్లకు టైల్స్ వేసేవాడు. వదిన నాలుగు నెలల గర్భిణిగా ఉన్నప్పుడు విమానం ఎక్కాడు. రెండేళ్లు నిండందే సెలవు లేదు. పాప పుట్టిందని ఫోన్లో విన్న రోజు గదిలో అందరికీ తానే చాయ్ పెట్టి ఇచ్చి, ఇంక ఏం చేయాలో తోచక అంట్లు కూడా తానే తోమేశాడు. ఇరవై ఒకటో రోజున పాపకు స్నానం చేయించి, కొత్త గౌను తొడిగి, ఫోటో తీయించి మెయిల్లో పంపుతామని వదిన వాళ్లు చెప్పారు. ఆ రోజు నుంచి నేను గదిలోకి అడుగు పెట్టగానే ఒకటే ప్రశ్న. "తమ్మీ, అచ్చిందా?" ఇంకా ఇరవై ఒకటో రోజే రాలేదు అన్నా అంటే, "గట్ల గాదు, జెర ముందుగాల్నే పంపుతరేమో" అనేవాడు.

సరిగ్గా ఆ వారంలోనే నాకు తెలివి పుట్టింది. ఇన్ని ఫైళ్లెందుకు, అన్నింటినీ డేటాబేస్‌లో పెట్టేద్దాం అన్నాను. ఒకటే పట్టిక. ఒక్కో పేరుకు ఒక్కో వరస. వెతకడం తేలిక, మార్చడం తేలిక. చేట్టన్ గడ్డం గోక్కుని, "సరే, కానీ పాత ఫైళ్లు పారేయకు" అన్నాడు. ఈ పెద్దవాళ్లకు కొత్తదంటే ఎంత భయమో అనుకున్నాను. (ఇప్పుడు మా ఆఫీసులో కుర్రాళ్లు నా గురించి అదే అనుకుంటారు.) పట్టికలో ఇంకో గడి ఉంటుంది. మనం చెప్పిన అంకెను అడిగినవాడు ఎంతసేపు గుర్తుంచుకోవాలి అన్నది అందులో రాయాలి. గంట అని రాస్తే గంట తర్వాత మళ్లీ వచ్చి అడుగుతాడు. అసలే మా లైను నత్తనడక, మాటిమాటికీ అడగడమెందుకని అందరికీ వారం రోజులు అని రాసేశాను. ఒక్కసారి చెబితే వారం దాకా మర్చిపోరు, నా తెలివికి నేనే మురిసిపోయాను.

మంగళవారం మధ్యాహ్నం. మా ఖాతాదారుల్లో ఈసా టౌన్‌లోని ఒక హల్వా దుకాణం ఉండేది. యజమాని ముసలాయన, అందరూ హాజీ అంటారు. ఆయన కొడుక్కి కంప్యూటర్ పిచ్చి ఉండి, తమ దుకాణానికి సొంత యంత్రం కొని మా ఏసీ గదిలో పెట్టుకున్నాడు. దాన్ని ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిపి వేరే లైనుకు తగిలించాం, కాబట్టి అంకె మారింది. పట్టికలో ఆ ఒక్క వరస మార్చాలి. దానికి ఒక వాక్యం రాయాలి: 'అంకెను ఇలా మార్చు'. దానికి ఒక తోక ఉండాలి: 'హల్వా దుకాణం వరసలో మాత్రమే'. ఇన్నాళ్లూ ఫైళ్లతో బతికిన చెయ్యి కదా, ఒకరి ఫైలు తెరిస్తే వాళ్లింట్లో ఉన్నట్టే, మళ్లీ ఎవరింట్లో అని చెప్పే అలవాటు లేదు. నేను హల్వా వారింట్లోనే ఉన్నాననుకుని తోక లేకుండా వాక్యం కొట్టి, ఎంటర్ నొక్కి, అన్నం డబ్బా తీసుకుని కిందికి దిగాను. ఆ రోజు బెండకాయ కూర. తీరిగ్గా తిని, దర్జీతో కబుర్లు చెప్పి, గంటన్నర తర్వాత పైకి వచ్చాను.

చేట్టన్ రెండు చెవుల దగ్గర రెండు ఫోన్లు పెట్టుకుని ఉన్నాడు. మౌనంగా ఉన్నాడు. బడి పేరు కొడితే హల్వా దుకాణం వస్తోంది. క్లినిక్ పేరు కొడితే హల్వా దుకాణం. కారు టైర్ల కంపెనీ పేరు కొడితే పళ్లెం నిండా ఎర్రటి హల్వా, పైన జీడిపప్పు. మా దగ్గరున్న పేర్లన్నింటికీ ఆ గంటన్నరలో ఒకటే చిరునామా. పాత ఫైళ్లు ఉండబట్టి సరిపోయింది, వాటిని చూసి పావుగంటలో అంతా సరిచేశాను. అప్పుడు చేట్టన్ మౌనం విడిచి ఒక్క మాట అడిగాడు. "గుర్తుంచుకునే గడిలో ఏం రాశావు?"

వారం అని చెప్పాను. ఆ గంటన్నరలో ఎవరెవరు అడిగారో వాళ్లందరికీ ఇక వారం దాకా హల్వా దుకాణమే గుర్తుంటుంది. మేము ఇక్కడ ఎంత దిద్దుకున్నా వాళ్లు మళ్లీ అడిగితే కదా తెలిసేది. వాళ్లు పంపే మెయిళ్లు కూడా హాజీ యంత్రానికే పోతాయి, అది మా గదిలోనే ఉన్నా దాని పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే. పైగా ఆయన కొడుకు, ఎవరి పేరున ఏది వచ్చినా తీసేసుకోమని దానికి నేర్పి పెట్టాడు. చేట్టన్ నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తాడనుకున్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "ఊరందరినీ హల్వా దుకాణానికి పంపావు. శుక్రవారం నువ్వూ వెళ్లు. హాజీకి దండం పెట్టి, వచ్చిన మెయిళ్లన్నీ పట్టుకురా. ఖలాస్" అన్నాడు.

గురువారం సాయంత్రం అన్న ఫోన్ బూత్ నుంచి పరుగున వచ్చాడు. "తమ్మీ, పొద్దుగాలనే పంపిండ్రట! నీకచ్చిందా?" నాకు రాలేదు. మంగళవారం మధ్యాహ్నమే మా గదిలో ఇంకొకాయన తమ్ముడు అదే మెట్‌పల్లి నెట్ సెంటర్ నుంచి మెయిల్ పంపాడని అప్పుడు గుర్తొచ్చింది. అంటే ఆ సెంటర్‌కు మా గది అంటే హల్వా దుకాణమే. మళ్లీ పంపమందాం అన్నాను. అన్న తల అడ్డంగా ఊపాడు. "ఏడికెల్లి పంపుతరు? ఫోటో తీసినోడు కెమెరాల జాగ లేదని పంపినంక చెరిపేసిండట. కాయితం మీద గూడ తియ్యలే." అంటే ఆ ఫోటో లోకంలో ఒకే ఒక్క చోట ఉంది, హాజీ వాళ్లు ఇంకా పారేయకుండా ఉంటే. ఆ రోజు నేను అన్నకు నిజం చెప్పలేకపోయాను. రేపు నాతో ఈసా టౌన్ రా అన్నా, పని ఉంది, అని మాత్రం అన్నాను.

శుక్రవారం బస్సులో చెప్పాను. తోక దగ్గర నుంచి వారం దాకా మొత్తం చెప్పాను. అన్న కిటికీ వైపు తిరిగాడు. టైల్స్ సిమెంటు పట్టిన గోళ్లను ఒకదాంతో ఒకటి గీక్కుంటూ కూర్చున్నాడు. ఇంత మంచి మనిషికి ఇలా చేశానే అని నాకు ఏడుపొచ్చింది. స్టాపు దగ్గర పడుతుండగా అన్నాడు. "మిఠాయి దుకాణానికే పోయింది గద తమ్మీ. మంచిదే. చెప్పుల దుకాణానికి పోలే."

దుకాణం తలుపు తీయగానే ఏలకుల వాసన, కుంకుమపువ్వు వాసన. హాజీ బల్ల వెనకాల కాళ్లదాకా ఉండే తెల్లటి తోబు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ముందర కాగితాల కట్ట. తెర మీద చదవలేనని కొడుకు చేత వచ్చినదల్లా ప్రింటు తీయిస్తాడట. బడి పరీక్షల పట్టిక, ఎవరిదో పంటి డాక్టరు అపాయింట్‌మెంటు, టైర్ల సైజులు, అన్నీ అందులో ఉన్నాయి. క్షమించమని నేను మొదలుపెడుతుండగానే అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. బల్ల అద్దానికి, హల్వా పళ్లేలకు సరిగ్గా పైన, ఒక రంగుల కాగితం అంటించి ఉంది. ఎర్ర గౌను. బుగ్గ మీద దిష్టి చుక్క. గుప్పిట్లు రెండూ బిగించి, ఫోటో తీసినవాడి మీద కోపంగా చూస్తున్న పసిపిల్ల.

అన్న ఆ పిల్లను ఎప్పుడూ చూడలేదు. అయినా ఎవరినీ అడగలేదు. అద్దం దగ్గరికి వంగి, "మా అమ్మ ముక్కు" అన్నాడు. అంతే, ఆ పెద్ద మనిషి అద్దానికి తల ఆనించి భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. హాజీ కంగారుగా లేచి, తనకు వచ్చిన హిందీలో, "క్యా హువా భాయ్, బచ్చీ ఠీక్ హై?" అని అడిగాడు. బాగానే ఉంది, పాప నాన్న ఈయనే, పాపను చూడడం ఇదే మొదటిసారి అని చెప్పాను. హాజీ లోపలికి వెళ్లి ఒక డబ్బా తెచ్చాడు. ఎవరో బిడ్డ పుట్టిందని హల్వాకు ఆర్డరు పంపి, పేరు రాయడం మర్చిపోయారనుకున్నాడట. వచ్చినవాళ్లు వెతుక్కోకూడదని ఫోటో అద్దానికి అంటించి, హల్వా కట్టించి ఉంచాడు. ఫోటో కింద వదిన రాయించిన నాలుగు మాటలు నేను చదివాను. "పాప మంచిగున్నది. నీ ముక్కే అంటున్నరు అందరు. పేరు నువ్వు జెప్పినదే పెడతం. పానం పైలం, జాగర్తగ ఉండు." అన్న మళ్లీ చదవమన్నాడు. మూడోసారి చదివేటప్పుడు హాజీ కూడా మా పక్కన నిలబడి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా తల ఊపుతూ విన్నాడు.

కాగితాలన్నీ ఇచ్చేశాడు కానీ ఆ ఒక్క ఫోటో దగ్గర హాజీ బేరం పెట్టాడు. అద్దం మీదిది తనకు ఉండాలి, అన్నకు కొత్తది తీసిస్తాడు. పాప ఫోటోలు ఇకముందు కూడా తన దుకాణానికే రావాలి, వచ్చి తీసుకెళ్లాలి. వారం గడిచాక పట్టిక మొత్తం సరిచూస్తూ నేను ఆ మాట నిలబెట్టాను. మా గది వరసలో హాజీ యంత్రం అంకే కావాలని రాశాను. చేట్టన్ తెర మీద వేలు పెట్టి, "ఇది తప్పు కదా" అన్నాడు. "కాదు చేట్టా" అన్నాను. ఆయన ఆ వేలు తీసి, కింది వరస మీదికి పోనిచ్చాడు.

తర్వాత ఏడాదిన్నర శుక్రవారం సాయంత్రమంటే మాకు ఈసా టౌనే. గదిలో ఐదుగురి ఉత్తరాలూ అక్కడికే వచ్చేవి. హల్వా తింటూ, జిగట వేళ్లతో కాగితాలు పట్టుకుని, ఊళ్లో వానలు పడ్డాయో లేదో చదువుకునేవాళ్లం. పాప బోర్లా పడ్డది, కూర్చున్నది, నిలబడ్డది, అన్నీ ఆ అద్దం మీదే. మా గదిలో ఆ పిల్ల పేరు 'హల్వా బిడ్డ'. అసలు పేరు అన్న చెప్పే ఉంటాడు, నేనే గుర్తుంచుకోలేదు. అన్న సెలవు మీద వెళ్లిన రోజు హాజీ కట్టిచ్చిన డబ్బా సామానులో పట్టక ఒళ్లో పెట్టుకుని విమానం ఎక్కాడు. ఆ సెలవు నుంచి మళ్లీ తిరిగి రాలేదు. ఆయన ఫోన్ నంబరు మారింది, తర్వాత నాదీ మారింది.

ఆ ఆఫీసు మూతపడి చాలా కాలమైంది. చేట్టన్ ఎక్కడున్నాడో, హాజీ ఉన్నాడో లేడో తెలియదు. నేను హైదరాబాదులో ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున చేస్తున్నాను. ఇప్పటికీ ఎంటర్ నొక్కే ముందు చేతులు ఎత్తి ఒళ్లో పెట్టుకుని, వాక్యానికి తోక ఉందో లేదో చూస్తాను. మా గది పేరును మాత్రం, దాని వరసతో సహా, ఏటా డబ్బు కట్టి నా పేరు మీదే నిలుపుకుంటూ వస్తున్నాను. "ఎవరూ లేని గదికి పేరెందుకండీ?" అని మా ఆవిడ నవ్వుతుంది. శుక్రవారం సాయంత్రాలు ఒక్కోసారి ఫోన్లో ఆ పేరు కొడతాను. కాసేపు తిరిగి, దొరకలేదు అంటుంది. దొరకదని నాకూ తెలుసు. ఆ వరసలో ఇంకా హాజీ యంత్రం పాత అంకే ఉంది, ఆ అంకె దగ్గర ఇప్పుడు ఏ యంత్రమూ లేదు. దిద్దడం నాకు రెండు నిమిషాల పని. కానీ దిద్దను. ఎక్కడో ఆ పిల్లకూ ఒక పాప పుట్టి, పాత చిరునామాకు ఎప్పుడైనా ఒక ఫోటో పంపితే, అది పోవలసింది అక్కడికే కదా.