కాకి ఉత్తరం, నా కవరు

ఆ రోజుల్లో టీవీలో పిల్లల కార్యక్రమం అంటే వారానికి ఒకటే. ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు మొదలై ఐదు గంటలకు అయిపోయేది. మిగతా వారమంతా దాని గురించి మాట్లాడుకోవడంతో సరిపోయేది. ఇప్పుడు మా ఆత్మకూరు ఇంట్లో మనవరాలు చిట్టి పళ్లు తోముకునే వేళకే ఒక రోడ్డు రోలరు మాట్లాడటం మొదలుపెడుతుంది (దానికి కళ్లు, ముక్కు ఉన్నాయి, మొన్న జలుబు కూడా చేసింది). అది ఆగితే గొడుగు పట్టుకున్న దోసకాయ ఒకటి వస్తుంది. చిట్టి వాళ్లమ్మ, అంటే మా అమ్మాయి, చిన్నప్పుడు రంగురంగుల జంతువులు రోజంతా ఒకదాన్నొకటి తరుముకునేవి. అప్పుడూ పక్కన కూర్చున్నది నేనే. కరువులు, తుఫాన్లు, ఎన్నికలు అన్నీ రాసి పేపరు ఉద్యోగం నుంచి బయటపడ్డవాణ్ని. వాటిలో ఏదీ ఈ దోసకాయ అలసగొట్టినంతగా నన్ను అలసగొట్టలేదు. కానీ తప్పు పిల్లల మీద వెయ్యలేను. మా ఇంట్లో ఈ జబ్బు పిల్లలతో మొదలు కాలేదు. మా నాయనతో మొదలైంది.

మా నాయన ఉదయగిరి నుంచి ఆత్మకూరు మీదుగా నెల్లూరు పోయే ఒక ప్రైవేటు బస్సుకు డ్రైవరు. పెద్ద మీసం, తక్కువ మాట. మేము ఇంట్లో గట్టిగా నవ్వితే "ఏందిరా ఆ ఇకిలింపు" అని ఒక్క కేక వేసేవాడు. చదువు రాదు. బోర్డుల మీద ఊళ్ల పేర్లు మాత్రం ఆకారాన్ని బట్టి గుర్తుపట్టేవాడు. మధ్యాహ్నం రెండు ముక్కాలుకు ఉదయగిరిలో బస్సు తీస్తే నాలుగుంబావుకు ఆత్మకూరు. అక్కడ టీకి పది నిమిషాలు. ఆ టీ కొట్టు భాయ్ బన్నుల సీసాల పైన ఒక బ్లాక్ అండ్ వైట్ టీవీ పెట్టినప్పటి నుంచి ఆదివారాల్లో ఆ పది నిమిషాలు సాగడం మొదలైంది. అందులో ఒక బొమ్మల కార్యక్రమం వచ్చేది. మేజోళ్లకు గుండీలు కుట్టి కళ్లు చేసిన బొమ్మలు. వాటిలో ఒక కాకి పోస్టుమాను ఉండేది. అడవిలో జంతువులకు ఉత్తరాలు పంచడం దాని పని. వారానికి ఒక ఉత్తరం బయలుదేరేది. వానో, గాలో, నక్కో అడ్డం వచ్చేది. సరిగ్గా అక్కడ ఆపి "మిగతాది వచ్చే ఆదివారం" అనేవాళ్లు. నోరు తెరిచి ఆ కాకినే చూస్తూ మా నాయన అరగంట కూర్చునేవాడు. మొదట్లో కండక్టరు విజిల్ వేసేవాడు. రెండో వారానికి విజిల్ జేబులో పెట్టుకుని ఆయన కూడా కూర్చున్నాడు. మూడో వారానికి బస్సులో జనమంతా దిగి కొట్టు ముందు నిలబడేవాళ్లు. ఏఎస్ పేట దర్గాకు పోయి వచ్చి నెల్లూరు బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లు కూడా చంకలో పిల్లలతో వచ్చి చేరేవాళ్లు.

నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు. ఒక పేపరుకు ఉదయగిరి విలేకరిగా కొత్తగా చేరాను. మూడు నెలలు చూసి, పనికొస్తానంటే ఉంచుతారు, లేదంటే లేదు. ఫోన్లో వార్త చెప్పే రోజులు కావవి. తెల్ల కాగితాల మీద రాసి, కవరులో పెట్టి, బస్సులో పంపాలి. నెల్లూరు బస్టాండులో పేపరు వాళ్ల డబ్బా ఒకటి గోడకు కొట్టి ఉండేది. సాయంత్రం ఆరున్నరకు ఆఫీసు మనిషి వచ్చి తాళం తీస్తాడు. ఆలోపు డబ్బాలో పడ్డ కవరే వార్త, తర్వాత పడ్డది చిత్తు కాగితం. నా కవరు మా నాయన బస్సులోనే పోయేది. సీటు పైన దేవుడి పటం వెనక దాన్ని నిలబెట్టి, నెల్లూరులో తనే దిగి డబ్బాలో వేసేవాడు. అప్పుడప్పుడు నా ఆదివారం వార్తలు సోమవారం కాక మంగళవారం వచ్చేవి. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. (చుట్టూ జరిగేదంతా గమనించడమే విలేకరి పని అని ఎవరికైనా అనిపిస్తే, అప్పటి నన్ను చూడాలి.)

ఒక శనివారం ఎస్టీడీ బూత్ నుంచి ఆఫీసుకు ఫోన్ చేశాను. అవతల డెస్కు ఇన్‌చార్జి. ఎవరేం రాసినా సగం కోస్తాడు కనుక మేమందరం కత్తెర సారు అనుకునేవాళ్లం.

"ఏమయ్యా, మీ వైపు ఆదివారం బస్సు ఒకటి ఆత్మకూరులో అరగంట పైన ఆపుతున్నారంట. ఎవరో 'ఒక ప్రయాణికుడు' అని ఉత్తరం రాశాడు. డ్రైవరు పిల్లల బొమ్మలాట చూస్తాడంట. నీకు తెలియదా?"

"తెలీదు సార్."

"తెలీకపోతే నువ్వు అక్కడున్నది దేనికి? కనుక్కుని రేపటికి పంపు. చుట్టూ గీత గీసి బాక్సు కడతాం."

కనుక్కోవడానికి నేను ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. ఇంటికి పోయి అడిగితే అమ్మే చెప్పింది. "మీ నాయనేరా. నీకిప్పుడు తెలిసిందా? ఊరంతా తెలుసు." ఆ ఉత్తరం రాసింది రిటైరైన హెడ్‌మాస్టరు గారని కూడా చెప్పింది. ఆయన కార్యక్రమం ఆఖరి దాకా చూసి, కాకి కోసం రెండుసార్లు అయ్యో అని, అంతా అయిపోయిన తర్వాత వాచీ చూసుకున్నాడట.

ఆ రాత్రంతా మంచం మీద దొర్లాను. వార్త పడితే బస్సు ఓనరు మా నాయనను దించేస్తాడు. పంపకపోతే కత్తెర సారు నన్ను దించేస్తాడు. తెల్లారి లేచి రాశాను. డ్రైవరు పేరు పెట్టలేదు, "సంబంధిత డ్రైవరు" అన్నాను. ప్రయాణికుల ఇబ్బందులు అని మొదలుపెట్టి, యాజమాన్యం చర్యలు తీసుకోవాలి అని ముగించాను. మధ్యాహ్నం కవరు తీసుకుని బస్టాండుకు పోయాను. నాయన టైర్లను కాలితో తన్ని చూస్తున్నాడు.

"ఏందిరా, ఇయ్యాళ కవరు మందంగా ఉండాది?"

"బస్సుల గురించి నాయనా."

"మంచిదే. వాగు కాడ గుంతల గురించి గూడా రాసినావా?"

"రాయలా."

"రాయి మల్ల. నడుములు ఇరిగిపోతుండాయి జనాలకి."

కవరును కళ్లకద్దుకుని పటం వెనక పెట్టాడు. రోజూ అంతే, నేను రాసిన ప్రతి కాగితాన్నీ కళ్లకద్దుకునేవాడు. బస్సు కదిలిపోతుంటే పరుగెత్తి దాన్ని లాక్కోవాలనిపించింది. దుమ్ములో నిలబడి చూస్తుండిపోయాను.

సోమవారం పొద్దున పేపరు నాలుగుసార్లు తిరగేశాను. వార్త లేదు. గుండె తేలికపడింది. వెంటనే బరువెక్కింది, ఎందుకంటే ఫోన్ చెయ్యాలి.

"నీ కవరు డబ్బాలో ఎప్పుడు పడిందో తెలుసా? మావాడు తాళం వేసుకుని వచ్చేసిన తర్వాత. పేజీలో బాక్సు ఖాళీ. అల్లం పంట గురించి ఏదో పాతది పెట్టి నింపాను. ఎందుకు లేటు?"

"బస్సు లేటు సార్."

"బస్సు ఎందుకు లేటు?"

"ఆత్మకూరులో ఆపినారు సార్."

"ఎందుకు ఆపారు?"

"అదే సార్ నేను రాసింది."

అవతల నా కాగితాలు తిరగేసిన చప్పుడు వినపడింది. తర్వాత అడిగాడు. "ఆ డ్రైవరు నీకు తెలుసా?"

"మా నాయన సార్."

కత్తెర సారు నవ్వాడని చెప్పలేను, దగ్గాడని మాత్రం చెప్పగలను. "ఇంటి వార్త ఇంట్లో తేల్చుకో. ఈ ఆదివారం కవరు ఆరున్నరలోపు పడాలి. పడలేదా, ఉదయగిరికి ఇంకో మనిషిని చూసుకుంటాం" అని పెట్టేశాడు.

ఆ పూటే నాయన దగ్గర కూర్చున్నాను. అన్నం తింటున్నాడు. ఎటు తిప్పి చెప్పాలో తెలియక నేరుగా చెప్పేశాను. "నిన్నటి కవరులో నీ మీదే రాసినాను నాయనా. ఆత్మకూరులో బస్సు ఆపుతుండావని."

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "నేను కళ్లకద్దుకున్నానే, అదేనా?"

"అదే."

"పేరు పెట్టినావా?"

"పెట్టలా."

"పెట్టకపోతే ఎట్టరా? ఇన్నేళ్ల సర్వీసులో నా పేరు పేపర్లో పడిందే లేదు" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి నవ్వింది. ఆయన నవ్వలేదు. ముద్ద మింగి, నీళ్లు తాగి, "అబద్ధం రాయలేదు గదా, పో" అన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చిన తర్వాత, ఎటో చూస్తూ, "ఆ మేకమ్మ ఉత్తరం రాసింది రా, పట్నంలో ఉండే పిల్లకి. కాకి వానలో ఇరుక్కుంది. అది అందిందో లేదో" అన్నాడు. తన బస్సులో ఎన్ని కవర్లు ఇరుక్కున్నాయో మాత్రం ఆయనకు తట్టలేదు.

చివరికి ఒప్పందం కుదిరింది. బస్సు పది నిమిషాలకే కదులుతుంది. కార్యక్రమం నేను ఉదయగిరిలో చూసి, సోమవారం ఆయన తిరిగి వచ్చేసరికి అంతా చెప్పాలి. మాకు టీవీ లేదు. పక్క వీధి కాంపౌండరు ఇంట్లో, చాప మీద, ముక్కులు కారే పిల్లల మధ్య, కొత్తగా పెంచిన మీసంతో, నోటుబుక్కు పట్టుకుని నేను. ("అన్నా, బొమ్మల మీద గూడా పేపర్లో రాస్తావా?" అని ఒకటే అడగడం.) నా కవర్లు టైముకు అందాయి, ఉద్యోగం నిలబడింది. నిజానికి పని నేర్పింది కత్తెర సారు కాదు, మా నాయన. "వానొచ్చింది నాయనా" అంటే ఊరుకునేవాడు కాదు. "ఉత్తరం తడిసిందా? రెక్క కింద పెట్టుకున్నిందా, నోట్లోనా? నక్క ఎటునించి వచ్చినాది?" జవాబు లేకపోతే "ఏం చూసినావురా మల్ల?" అని మొహం తిప్పుకునేవాడు. ఆ తర్వాత కలెక్టర్ల దగ్గర కూడా నేను అంత భయపడి వివరాలు రాసుకోలేదు.

కొన్ని నెలలకు కాకి కథ ఆఖరి వారం వచ్చింది. మళ్లీ వెయ్యరని ముందే చెప్పారు. మేకమ్మ పిల్లకు ఉత్తరం అందాలి. నాలుగుంబావుకు కరెంటు పోయింది. చీకటి టీవీ ముందు ఐదు దాకా కూర్చుని లేచి వచ్చాను. పొద్దున నాయన వచ్చి, చొక్కా కూడా విప్పకుండా, "చెప్పరా" అన్నాడు. చెప్పాను. వాన ఆగిందన్నాను, రెక్క కింద పెట్టుకుందన్నాను, నక్క పడమటి నుంచి వచ్చిందన్నాను, పిల్ల ఉత్తరం చదివి ఏడ్చిందన్నాను. ఆ పూట ఆయన ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. అంతా విని, "పోనీలే, అందింది గదా" అన్నాడు. చూడనిది చూసినట్టు నేను పంపిన వార్త నా జీవితంలో అదొక్కటే.

నాయన పోయిన చాలా ఏళ్లకు, నేను ఆత్మకూరు మారిన కొత్తల్లో, ఆ టీ కొట్టు భాయ్ (గడ్డం తెల్లబడింది) గుర్తుపట్టి కూర్చోబెట్టాడు. "ఆ కాకి ఆఖరి రోజు ఈడ గూడా కరెంటు పోయింది బేటా. ఇప్పుడు నువ్వు కూచున్నట్టే మీ నాయన ఈడ కూచోనుండాడు. లైన్‌మాన్ వచ్చి, మెయిన్ లైను తెగింది, ఉదయగిరి దాకా కరెంటు రేప్పొద్దున గాని రాదన్నాడు. మీ నాయన టీ తాగి లేస్తా ఏమన్నాడో తెలుసా? 'రేపు మావోడు ఏం చెప్తాడో చూడాల భాయ్' అన్నాడు. కడుపుబ్బ నవ్వినాడు" అన్నాడు.

మొన్న ఆదివారం చిట్టి బొమ్మలేసే క్లాసుకు పోతూ, బురదలో దిగబడ్డ రోడ్డు రోలరును నాకు అప్పగించింది. "చూసి చెప్పాలి తాతా" అంది. చూశాను, రెండు నిమిషాలు. తర్వాత కళ్లు మూతలు పడ్డాయి. లేచేసరికి దోసకాయ గొడుగు తిప్పుతోంది, గుమ్మంలో చిట్టి నిలబడి ఉంది.

"ఏమయింది తాతా?"

"బయటికొచ్చిందమ్మా."

"ఎవరు లాగారు?"

"ట్రాక్టరు."

"ట్రాక్టరు వాళ్ల ఊరికి పోయింది కదా?"

"తిరిగొచ్చింది."

చిట్టి తల ఒక పక్కకు వంచి నా మొహంలోకి చూసింది. దిండు గీతలు ఇంకా చెంప మీదే ఉండి ఉంటాయి. ఆ చూపు ముందు ఇన్నేళ్ల అనుభవమూ పనికిరాలేదు, నోటుబుక్కు పట్టుకుని చాప మీద కూర్చున్న ఇరవై రెండేళ్లవాణ్నే అయిపోయాను.

"సరేలే తాతా," అంది బ్యాగు దించుతూ, "బయటికొచ్చింది కదా."