నేను వడ్డీ పిల్లను

ప్రియమైన సహోదరీ సహోదరులారా, మన పత్రిక చదివే మీ అందరికీ ప్రభువు ప్రేమలో నా వందనాలు. మా ఇంటి చీకటి ఎక్కడ మొదలయిందని ఎవరైనా అడిగితే, మా అమ్మ పొయ్యి మీది కుండను బట్ట కూడా పట్టకుండా ఒట్టి చేతులతో దించి, అరచేయి కాలి బొబ్బలెక్కినా ఆ సంగతి ఆమెకు తెలియకపోయిన ఆ ఉదయమే అని చెబుతాను. ఆ చేతిని చూసి నేను ఏడ్చాను గాని అమ్మ ఏడవలేదు, నొప్పి ఉంటే గదా ఏడవడానికి. ఏమీ కాలేదులే అని నవ్వి నాకు గంజి పోసింది.

మాది నెల్లూరు తీరాన జువ్వలదిన్నె. నాకు ఊహ తెలియని వయసులోనే నాన్న వేటకు పోయి సముద్రంలోనే ఉండిపోయాడు. అమ్మ పేరు మరియమ్మ. చేపలు ఉప్పేసి ఎండబెట్టి, గంపకెత్తుకుని, లోపలి పల్లెల్లో వీధి వీధీ తిరిగి అమ్మి నన్ను సాకేది. నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులవి. కాలిన చేయి మానింది గాని ఆమె చేతుల మీద, వీపు మీద తెల్లటి మచ్చలు కనబడసాగాయి, తర్వాత చిటికెన వేలు, దాని పక్క వేలు లోపలికి ముడుచుకుపోయాయి. పెద్దరోగమని, అంటే కుష్టని, ఊరంతా అనుకున్నారు. నిత్యం ఆమె దగ్గర చేపలు కొనే ఇళ్ళవాళ్ళు గంప అరుగు మీద దించవద్దని దూరం నుంచే చెప్పి పంపేవారు. నన్ను బడి నుంచి ఇంటికి పంపేశారు. మేష్టారు మంచివాడే, కానీ మిగతా పిల్లల తల్లిదండ్రులు వచ్చి గొడవ చేస్తే ఆయన మాత్రం ఏం చేయగలడు? నా పలక నా చేతికిచ్చి తల వంచుకున్నాడు.

ఆదివారం గుడికి పోవడం మాత్రం అమ్మ మానలేదు. ఎవరూ పొమ్మనకముందే తనే లోపల కూర్చోవడం మానేసి, ప్రహరీ గోడ అవతల ఈతచాప వేసుకుని, ఎండైనా వానైనా అక్కడి నుంచే వాక్యం వినేది. నేనూ ఆమె పక్కనే కూర్చునేదాన్ని. లోపల అందరూ పాడుతుంటే బయట అమ్మ కూడా గొంతెత్తి పాడేది. నాకు మాత్రం పాట వచ్చేది కాదు. ఒక ఆదివారం అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్న వేళ నేను నా మనసులో ఉన్నది పైకే అనేశాను. "ప్రభువా, ఆ రోగం నాకు కూడా ఇయ్యి. ఇద్దరం ఒక చోటే ఉంటాం. అమ్మ ఒక్కతే ఉండలేదు" అన్నాను. సహోదరులారా, ఒక పసిపిల్ల నోట రావలసిన ప్రార్థన కాదది. అయినా దేవుడు విన్నాడు, నేనడిగినట్టు కాదు, తాను తలచినట్టు విన్నాడు.

ఆ మాట ఇంకొకరి చెవిన కూడా పడింది. కిటికీ పక్కన లోపల కూర్చునే రాహేలమ్మ గారు. ఆమె ఎవరో మన పత్రిక కొత్తగా చదివేవారికి తెలియకపోవచ్చు. ఆస్పత్రిలో మంత్రసానిగా పనిచేసి, మా తీరంలో ఎన్నో ఇళ్ళలో కాన్పులు చేసిన మనిషి. బిడ్డలు లేరు. భర్త పోయాక బుచ్చిరెడ్డిపాలెం దగ్గర ఆయన భాగానికి వచ్చిన మాగాణి ఆమెది అయింది. ఆ పంటతో సుఖంగా కాలం గడపవచ్చు. అయితే తన చేతుల్లో పుట్టిన పిల్లకాయలు అక్షరం ముక్క రాకుండా వలలు లాగడం, ఉప్పు పండించే కొఠార్లలో కాళ్ళు పగిలేలా పనిచేయడం చూడలేక, ఆ మాగాణి అమ్మి ఆ డబ్బంతా సంఘం పేర బ్యాంకులో వేయించింది. సంఘమంతా వింటుండగా ఆమె పెట్టిన షరతు ఒక్కటే. "అసలు దేవునిది, వడ్డీ బీద పిల్లకాయల చదువుది. అసలు జోలికి ఎవరూ పోబాకండి." ఆ వడ్డీతో చదివే మమ్మల్ని తర్వాత తర్వాత అందరూ వడ్డీ పిల్లలని పిలిచేవారు. వెక్కిరింతకే పుట్టిన పేరు గాని నేను దాన్ని ఇప్పటికీ ఇష్టంగా చెప్పుకుంటాను.

ఆ రోజు ఆరాధన కాగానే రాహేలమ్మ గారు గోడ దాటి వచ్చి, మా అమ్మ చాప మీద అమ్మకు ఆనుకుని కూర్చుంది. అమ్మ జరగబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. ముడుచుకున్న వేళ్ళను ఒక్కొక్కటే విప్పి చూసింది. నాన్న పోయాక అమ్మ చేయి పట్టుకున్న పెద్ద మనిషిని నేను చూడడం అదే మొదలు. ఈ రోగానికి ఇప్పుడు మాత్రలు వచ్చాయని, దక్షిణాన నాయుడుపేట అవతల దీనికోసమే ఒక ఆసుపత్రి ఉందని, ఏళ్ళు పట్టినా నయమవుతుందని నిదానంగా చెప్పింది. అమ్మ అంతా విని నావైపు చూసింది.

"నేను పోతే ఈ బిడ్డనెవురు చూస్తారమ్మా?"

"చదువు వడ్డీ చూస్తాది. బిడ్డను నేను చూస్తాను" అంది రాహేలమ్మ గారు.

కానీ అది అంత సులువుగా జరగలేదు. నన్ను సంఘం నడిపే పిల్లల బోర్డింగులో చేర్చే విషయం సంఘ పెద్దల ముందుకు వచ్చినప్పుడు చాలామంది వద్దన్నారు. వారిలో ముఖ్యులు దానియేలు గారు, పడవలున్న ఆసామి, గుడి కట్టినప్పుడు ముందు నిలబడిన మనిషి. ఆయన పిల్లలు ఆ బోర్డింగులోనే ఉన్నారు. రోగిష్టి తల్లి బిడ్డను చేరిస్తే మిగతావాళ్ళంతా పిల్లల్ని తీసుకుపోతారు, బోర్డింగే మూతపడుతుంది అని ఆయన భయం. ఆయన దుర్మార్గంతో అన్న మాట కాదది, భయంతో అన్న మాట. పాస్టరు అయ్యగారు రెండు వైపుల మాటా విని, నిర్ణయం పెద్దలకే వదిలారు. అప్పుడు రాహేలమ్మ గారు అన్న మాట అయ్యగారే నాకు తర్వాత చెప్పారు. "బోర్డింగులో వద్దంటే నా ఇంట్లో ఉంటాది. నా కంచం పక్కన తింటాది, నా పక్కలో పడుకుంటాది. ఏడాదికి నాకేమన్నా అయితే అప్పుడు మీరు వద్దనండి." అట్లాగే కానిమ్మన్నారు పెద్దలు.

అట్లా అమ్మ బిట్రగుంటలో రైలెక్కింది. కిటికీలోంచి నన్ను తాకడానికి చేయి చాచి మళ్ళీ వెనక్కి తీసుకుంది. నేనే ఆ చేతిని పట్టుకుని, రైలు కదిలేదాకా వదలలేదు. రాహేలమ్మ గారి ఇంట్లో నేను ఆమెను అవ్వా అని పిలిచేదాన్ని. ఆమె ప్రతి పొద్దూ నా తల దువ్వుతూ ప్రార్థించేది. "తండ్రీ, దీని తల్లి వేళ్ళకు బలమియ్యి, దీనికి బుద్ధినియ్యి" అని, అంతే, అంతకంటే పెద్ద ప్రార్థన ఆమె నోట నేను వినలేదు. ఏడాది గడిచింది, ఆమెకు ఏమీ కాలేదు, నాకూ ఏమీ కాలేదు. అవ్వ నన్ను మళ్ళీ చేర్చిన బడిలో నా పక్కన కూర్చోవడానికి వెనుకాడిన పిల్లలే నా దగ్గర లెక్కలు చెప్పించుకున్నారు. దేవునికే మహిమ!

నేను ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలు రాసిన వేసవిలో అవ్వ కన్నుమూసింది. నేను నర్సునై ఆమె చేసిన పనే చేయాలని ఆమె కోరిక, నా కోరిక కూడా. ఆమెను మట్టిలో పెట్టి వచ్చిన కొద్ది వారాలకే మా అమ్మ తిరిగి వచ్చింది. వేళ్ళు వంకరగానే ఉన్నా రోగం పూర్తిగా పోయిందని ఆసుపత్రివాళ్ళు రాసిచ్చారు. నేను ఆమె మెడ పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. అయినా ఆదివారం రాగానే అమ్మ ఎప్పటిలాగే చాప తీసుకుని గోడ అవతలికే పోయింది. లోపలికి రమ్మని అయ్యగారు పిలిచినా, "నాకిక్కడే అలవాటైపోయిందయ్యా" అంది. ఆమె భయం ఇంకా నయం కాలేదు.

ఇంతలో తుఫాను వచ్చింది. మా తీరంలో గాలివానలు కొత్త కావు గాని ఆ గాలికి గుడి పైకప్పు పెంకులతో వాసాలతో సహా కూలింది, ప్రహరీ గోడ కూడా పడిపోయింది. పడవలు పోగొట్టుకున్నవారు, గుడిసెలు పోగొట్టుకున్నవారు, ఎవరి దగ్గరా చేతిలో డబ్బు లేదు. ఆరాధనయ్యాక ఆ శిథిలాల నడుమే సంఘం కూడింది. గోడ లేదు గనుక మా అమ్మ కూడా, తనకు తెలియకుండానే, అందరి మధ్యలో ఉంది. రాహేలమ్మ గారి నిధిలో అసలు తీసి కప్పు వేయిద్దాం, మంచి రోజులొచ్చాక మళ్ళీ కూడబెట్టి పెడదాం అన్నారు దానియేలు గారు. చాలామందికి అది న్యాయంగానే తోచింది. దేవుని ఇల్లు గదా! కానీ అసలు తీస్తే వడ్డీ ఉండదు, నా నర్సు ట్రైనింగు ఉండదు, నా వెనక చదివే పిల్లల బడి ఉండదు. నా గురించి నేనే మాట్లాడుకోవడం ఎట్లా అని నోరు మూసుకుని లోలోపలే మొర పెట్టుకున్నాను. "ప్రభువా, మా తరఫున నీవే ఎవరినైనా లేపు" అన్నాను.

లేచింది మా అమ్మ. సంఘం ముందు ఆమె లేచి మాట్లాడడం నేనెన్నడూ చూడలేదు. వంకర వేళ్ళు కొంగులో దాచుకుని, నేల చూస్తూ మాట్లాడింది.

"అయ్యా, నేను ఆస్పత్రికి పోకముందూ, వచ్చినాకా ఈ గోడ అవతల ఎండలో కూచోని వాక్యం విన్నాను. నెత్తిన కప్పు లేదని దేవుడు నాకు తక్కువ జెప్పలా. మీరు గూడా కొన్నాళ్ళు నా మాదిరి వినండి. పిల్లకాయల చదువు మాత్రం ఆపబాకండి."

దానియేలు గారు కండువాతో ముఖం తుడుచుకుని తల ఎత్తకుండానే అన్నారు. "తాటాకు నేను తోలిస్తాను. పందిరి ఏసుకుందాం." అంతటితో ఆగలేదు, లేచి వచ్చి మా అమ్మ ముందు నిలబడి, "నీ బిడ్డను ఆ దినం వద్దన్నది నేనే మరియమ్మా" అన్నారు. అమ్మ చేతులు జోడించింది. ఆయన ఆ వంకర చేతులను తన రెండు చేతులతో పట్టుకున్నారు. ఆనాటి నుంచి మా అమ్మ అందరితో కలిసి కూర్చుంటున్నది. నా సాక్ష్యంలో నిజమైన విడుదల ఇదే సహోదరులారా. మాత్రలు రోగాన్ని తీశాయి, ఆ భయాన్ని తీసినవాడు దేవుడు.

ఆ తాటాకు పందిరి కిందే మా సంఘం ఏళ్ళ తరబడి ఆరాధించింది. వానకు తడిశాం, ఎండకు వాడిపోయాం. వేటకు పోయి వచ్చినవారు ప్రతిసారీ కొంత చేప గుడికని వేరు చేసి పెట్టారు. అట్లా కొంచెం కొంచెంగా కప్పు లేచింది. అసలు మాత్రం ఎవరూ ముట్టలేదు. నేను ట్రైనింగు ముగించి ఇప్పుడు నెల్లూరులో నర్సుగా పనిచేస్తున్నాను. మచ్చలతో, ముడుచుకున్న వేళ్ళతో, ముఖం దాచుకుని వచ్చేవారికి మాత్రలిచ్చే పని నాకే అప్పగించారు. వారి చేయి పట్టుకున్నప్పుడల్లా నా ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంటాను.

మొదటి జీతం తెచ్చి అమ్మ చేతిలో పెడితే, అందులో కొంత అవ్వ నిధిలో కలపమంది. నాటి నుంచి కలుపుతూనే ఉన్నాను, నాతో చదివిన వడ్డీ పిల్లలు కూడా కలుపుతున్నారు. దాని ఫలంగా ఈ జూన్‌లో బడులు తెరిచేనాటికి ఇంకొక బిడ్డను అదనంగా చదివించే వడ్డీ వస్తుందని అయ్యగారు చెప్పారు. ఆ బిడ్డ ఎవరో మాకింకా తెలియదు. దేవునికి తెలుసు. ఉప్పు కొఠారులోనో, వలల దగ్గరో, జబ్బుతో ఉన్న తల్లి మంచం పక్కనో ఉండవచ్చు. ఈ మాటలు చదివే మీలో ఎవరికైనా ఆ బిడ్డ తెలిసి ఉంటే, భయపడకండి, నమ్మండి, చేయి పట్టుకుని మా దగ్గరికి తీసుకురండి. చోటు ఖాళీగా ఉంచాం.