లొల్లికి ఇంగ్లీషు పేరు వెతుకుతూ పోయిన గంగారాం సార్

ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగింది. కరీంనగర్‌లో నేను ముఖానికి సబ్బు పూసుకుని సగం గడ్డం గీసుకుని ఉన్నాను. అవతల మా ఊరి చాయ్ హోటల్ పోశవ్వ.

“బాబూ, మీ సారు సచ్చిపోయిండు. చాయ్ గ్లాసు చేతులనే ఉన్నది. ఊరోళ్లందరు నా దిక్కే సూస్తున్నరు. జల్ది రా.”

నా చేతిలోని కత్తి జారింది. భూగోళం తన ఇరుసు మీద క్షణకాలం తడబడింది. మా వీధిలో కరెంటు పోయింది. రోజూ ఆ వేళకు పోయే కరెంటే గాని, ఆనాడు మాత్రం సార్ కోసమే పోయిందని నా దృఢ విశ్వాసం. ఆంగ్ల భాషా భాస్కరుడు, వ్యాకరణ కంఠీరవుడు, మూడు తరాల విద్యార్థుల చెవులను స్వహస్తాలతో మెలితిప్పి తీర్చిదిద్దిన మహాశిల్పి గంగారాం సార్ అస్తమించారు. మిగిలిన సగం గడ్డంతోనే బస్సెక్కాను.

ఆయనను ఎరుగని దురదృష్టవంతుల కోసం కొంత చెప్పాలి. గోదారి ఒడ్డున ఉన్న మా ఊరి హైస్కూలులో సార్ ఇంగ్లీషు చెప్పేవారు. బాసరలో అక్షరాభ్యాసం చేయించిన నాడే అమ్మవారు, ఈ పిల్లగాడు పెరిగి పరాయి కొలువులో చేరతాడని పసిగట్టి నిట్టూర్చి ఉంటుంది. మనిషి అగరుబత్తి పుల్లంత సన్నం. గొంతు మాత్రం ఎంతటిదంటే, గోదారి అవతలి ఒడ్డున మేసే బర్రెలకు కూడా భూత భవిష్యత్ కాలాల తేడా తెలిసిపోయిందని ప్రతీతి. పెళ్లి చేసుకోలేదు. చూసిన ప్రతి పిల్లకూ తగిన విశేషణం కోసం ఆయన ఆలోచిస్తుండగానే ఆ పిల్లకు వేరే చోట సంబంధం కుదిరిపోయేది.

ఆయన జీవితాన్వేషణకు బీజం మా తరగతిలోనే పడింది. ఒకనాడు నేనూ నా పక్కన కూర్చునే రాజిగాడూ పెన్సిల్ ముక్క కోసం కురుక్షేత్రం సాగిస్తుంటే సార్ వచ్చారు.

“దేనికిరా కొట్లాట?”

“పెన్సిల్ కోసం సార్.”

“అబద్ధం. పెన్సిల్ కిందనే పడి ఉన్నది. ఇద్దర్ల ఒక్కడన్న దాని దిక్కు సూస్తలేడు.”

విచారణలో నిజం తేలింది. రాజిగాడి బాపు దుబాయి నుంచి జిప్పున్న అంగీ పంపించాడు. మా బాపు ఏమీ పంపలేదు, ఇంట్లోనే ఉన్నాడు గనుక. సార్ ఇద్దరినీ సమదృష్టితో బాదారు. ఆ తరువాత సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు శిలావిగ్రహంలా నిలబడిపోయారు.

“లొల్లి ఒకదాని మీద, కడుపుమంట ఇంకొకదాని మీద. దీనికి ఇంగ్లీషుల ఒక్క మాట ఉండాలె. లేకపోతే వాళ్లు గంత పెద్ద రాజ్యం ఎట్ల ఏలిండ్రురా?”

ఆ మాట కోసం వెతుకుతూనే రిటైరయ్యారు. పోశవ్వ పుంజు రంగప్రవేశం చేయకపోతే ఆ వెతుకులాట ముసలితనపు కాలక్షేపంగానే మిగిలేది.

పోశవ్వ హోటల్ అంటే నాలుగు రేకులు, ఒక పొయ్యి. కాకపోతే బస్సులు ఆగే మూలమలుపులో ఉంది. దాని మీద మా గ్రామ కమిటీ అధ్యక్షుడు భూమన్న కన్ను పడింది. అక్కడ షట్టర్లు కట్టి కిరాయికిస్తే బాగుంటుందని ఆయన నాలుగుసార్లు మర్యాదగా చెప్పాడు. ఆమె నాలుగుసార్లు చాయ్ పోసి పంపించింది. ఇంతలో ఆమె కోడిపుంజు వెళ్లి వెళ్లి బొడ్రాయి మీద రెట్ట వేసింది. ఊరి నడిమధ్య నాభిశిల అపవిత్రమైంది. కమిటీ కూర్చుంది, పుంజుకు కాక పోశవ్వకు వెలి పడింది. ఆమె దగ్గర చాయ్ తాగకూడదు, ఆమెకు ఎవరూ ఏదీ అమ్మకూడదు, మాట్లాడకూడదు. మాట్లాడితే జుర్మానా.

సార్ మర్నాడు పొద్దున యథావిధిగా వెళ్లి చాయ్ తాగారు. వెంటనే ఆయనకూ వెలి పడింది. మంగలి మల్లేశం చాటుగా వచ్చి గోడు వెళ్లబోసుకున్నాడట. “సారూ, నీ గడ్డం గీస్తె నాకు జుర్మానా. గీయకపోతే నా చెయ్యి గులగుల పెడ్తది. ఏం జెయ్యాలె?” సార్ గడ్డం పెరిగింది. రెండు జాతుల పిచ్చుకలు అందులో కాపురం పెట్టాయని పుకారు.

కలెక్టర్ ఉత్తరాది మనిషి కనుక వెలి ఎత్తేయించమని సార్ ఇంగ్లీషులో అర్జీ రాశారు. కలెక్టర్ ఆఫీసులో సోమవారం సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఒక కనపడని ధర్మం ఉంది. అర్జీ మొత్తం ఎవరూ చదవరు, పైన ‘సబ్జెక్టు’ అని ఉన్న చోట రాసిన మాటను బట్టి కాగితం ఆ శాఖకు పోతుంది. సార్ మొదట ‘రూస్టర్ డిస్ప్యూట్’ అని రాశారు. పశువుల డాక్టరు మోటారుసైకిలు మీద వచ్చి, పుంజు నోరు తెరిపించి చూసి, కొక్కెర తెగులు రాకుండా సూది వేసి, వెలికి తమ దగ్గర మందు లేదని విచారం వెలిబుచ్చి వెళ్లిపోయాడు.

రెండోసారి ‘రిలీజియస్ డిస్ప్యూట్’ అన్నారు. పోలీసులు వచ్చి శాంతిభద్రతల దృష్ట్యా పుంజును సాక్ష్యంగా తీసుకుపోయారు. సాక్ష్యం భద్రంగా ఉందా అని మర్నాడు సార్ విచారిస్తే, అరిగిపోయిందని జవాబు వచ్చింది.

మూడోసారి సత్యానికి మరీ చేరువగా వెళ్లి ‘ల్యాండ్ డిస్ప్యూట్’ అన్నారు. సర్వేయరు టేపుతో వచ్చి కొలిచి, హోటల్ ముందరి సగభాగం రోడ్డు హద్దులో ఉందని తేల్చి, సరిగ్గా పొయ్యి మీదుగా ఎర్ర గీత గీశాడు. భూమన్న ఆయనకు కూల్‌డ్రింకు తాగించాడు.

“సారూ, ఇగ ఏదో ఒకటి రాయరాదుండ్రి,” అని పోశవ్వ బతిమాలింది. “అమ్మకం లేక పాలు ఇరుగుతున్నయి. బియ్యం గూడ పక్కూరికెంచి తెచ్చుకుంటున్న.”

“ఏదో ఒకటి రాస్తె ఏదో ఒకడే వస్తడు పోశవ్వా!” అన్నారు సార్. ఆయన సూక్తులలో ఇది శిరోమణి. ఏ కార్యాలయం ద్వారబంధం మీద చెక్కించినా వన్నె తెస్తుంది.

సామాన్యుడైతే ఏదో రాసి పడేసేవాడు. మా సార్ అసామాన్యుడు కాబట్టి పోశవ్వ పాలు మరో మూడు నెలలు విరిగాయి. రోజూ హోటల్ బల్ల మీద కూర్చుని మాటలను తూకం వేసేవారు. ‘ప్రిటెక్స్ట్’ అంటే, “గిది సాకు వరకే. సాకు ఎనక దాసుకున్నోడు దీంట్ల పట్టడు,” అని పక్కన పెట్టేవారు. ‘ప్రాక్సీ వార్’ అంటే, “గిది రాస్తె మిలిట్రీ దిగుతది. అంతమందికి చాయ్ ఎవ్వలు పోస్తరు?” అని భయపడేవారు. మిలిట్రీ దిగినా బాగుండు, గిరాకీ అయినా అవుతుందని పోశవ్వ ఆశపడేది.

ఆ బల్ల మీదే ఆదివారం పొద్దున గుండె ఆగింది.

ఊరు చేరగానే ఆత్రంగా అడిగాను. “అక్కా, పోయే ముందు సార్ ఏమన్న మాటన్నడా?”

“అన్నడు బాబూ.”

జేబులోంచి కలం తీశాను. “ఏమన్నడు?”

“జర చక్కెర ఎయ్యి అన్నడు.”

నేను వచ్చేలోపే హోటల్ పక్కన మూలమలుపులో ఫ్లెక్సీ లేచింది. సర్పంచి ఎన్నికలు దగ్గర పడ్డాయి కాబట్టి అందులో భూమన్న నిలువెత్తున చేతులు జోడించి రోదిస్తున్నాడు. మూలన ఒక బొట్టుబిళ్లంత సార్ ఉన్నారు. మీద ‘అశ్రునివాళి’, కింద ‘మీ లోటు తీర్చలేనిది’. చనిపోయినవాడు మాట్లాడడు గనుక వెలి వర్తించదని కమిటీ కరుణించింది. మల్లేశం వచ్చి, వెక్కి వెక్కి ఏడుస్తూ ఆ గడ్డం గీశాడు. పాడె ముందు కొమ్ము భూమన్నే పట్టాడు.

పోశవ్వ బంతిపూల దండ పట్టుకుని వచ్చింది. కమిటీ వాళ్లు అడ్డం నిలిచారు. “నీకింక వెలి ఎత్తెయ్యలే పోశవ్వా. ఎడంగ నిలబడు.”

“నాకియ్యి అక్కా, నేనేస్త,” అన్నాను.

భూమన్న నా భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశాడు. “తమ్మీ, పెద్ద రాతగానివి. ఆమె చేతులకెంచి దండ తీస్కుంటె నీకు గూడ జుర్మానా పడ్తది. ఎందుకు పరేషాన్?”

నా చెయ్యి గాలిలో ఉండగానే ఆమె దండను దూరం నుంచి విసిరింది. అది పాడె దాటి, పోయి పోయి ఫ్లెక్సీ కర్రకు తగిలి భూమన్న బొమ్మ మెడలో పడింది. పైన ‘అశ్రునివాళి’ ఎలాగూ ఉంది. డప్పులు ఆగిపోయాయి. ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు పాకి పాడె మోసేవాళ్ల దాకా వచ్చింది. సార్ అంతిమయాత్ర కొంత దూరం ఊగుతూ సాగింది.

భూమన్న నవ్వలేదు. దహనమయ్యాక నది ఒడ్డునే సంతాప సభ పెట్టాడు. “మంచిగున్న మనిషి ఆ చాయ్ తాగే పోయిండు,” అని మొదలుపెట్టి, జనం గుసగుసలాడేంతసేపు ఆగి, కళ్లు తుడుచుకున్నాడు. “సార్ ఏడ కూలిపోయిండో ఆ జాగల్నే సార్ పేరు మీద లైబ్రరీ కడ్తం. మీద లైబ్రరీ, కింద నాలుగు షట్టర్లు.”

“మరి పుస్తకాలన్నా?” అన్నాను.

“మెల్లగ వస్తయి తమ్మీ. షట్టర్లకైతే మాట ఇచ్చేసిన.”

చప్పట్లు మోగాయి. జీవితమంతా సాకుల వెనక ఉన్నవాడిని వెతికిన మహానుభావుడిని, చితి ఆరకముందే ఊరు సాకుగా వాడుకుంది. ఇప్పుడు పోశవ్వ అడ్డుచెబితే, చదువుకు అడ్డుపడ్డట్టు. సార్ స్మృతికి అడ్డుపడ్డట్టు.

మరుసటి సోమవారం ఆమెను వెంటబెట్టుకుని కలెక్టర్ ఆఫీసుకు పోయాను. అర్జీ నేనే రాశాను. దోమను ఐరావతం చేయగల నా కలానికి ఆ ఒక్క మాట దొరకలేదు. సబ్జెక్టు చోటు ఖాళీగా వదిలేశాను. కిటికీలో గుమాస్తా చిరాకుపడ్డాడు.

“ఏం లొల్లి అవ్వా? ఒక్క ముక్కల చెప్పు. ఎనక లైనున్నది.”

“పుంజు బొడ్రాయి మీద...”

“పుంజా?”

“పుంజు లేదు సార్, తిన్నరు. పొయ్యి మీద గీత గీసిండ్రు. ఇగ లైబ్రరీ కడ్తమంటున్నరు. చాయ్...”

“ఒక్క ముక్కలవ్వా!”

పోశవ్వ నా వైపు చూసింది. నేను నేల చూశాను. “మా సారు సచ్చిపోయిండు సార్,” అంది.

గుమాస్తా ముఖం విప్పారింది. ‘డెత్’ అని రాసి, మరణ ధ్రువపత్రాలు పక్క కిటికీలో ఇస్తారని చూపించాడు. మేము ఆ వరుసలో నిలబడ్డాం. అక్కడి అమ్మాయి తల ఎత్తకుండానే అడిగింది.

“సచ్చిపోయినాయన నీకేమైతడు?”

“నాతోని మాట్లాడెటోడు బిడ్డా.”

“గా సంబంధం ఇందుల లేదవ్వా. జర పక్కకు జరుగు.”

పోశవ్వ పక్కకు జరిగింది.

సార్, మీ అస్థికలు ధర్మపురి దగ్గర గోదారిలో కలిశాయి. మీ శిష్యకోటి అనాథ అయింది. మీ పాదాలకు నా నమస్సులు. మీ లోటు తీర్చలేనిదన్న ఫ్లెక్సీ ఇంకా చెక్కుచెదరలేదు. దాని కిందనే నిన్న మధ్యాహ్నం రెండు ట్రాక్టర్ల మొరం మట్టి తెచ్చి, మండుతున్న పోశవ్వ పొయ్యి మీద పోశారు.