హత్తుసా కోట బయట పెద్దాయన

దయ్యాలు, ఆత్మలు, కలలో సూచనలు... వీటిలో దేనినీ నేను ఏనాడూ నమ్మలేదు. పదో తరగతి తప్పినా, జగిత్యాల గ్రంథాలయంలో చరిత్ర బీరువా మొత్తం చదివినవాణ్ణి. కారణం లేకుండా ఏదీ జరగదన్నది నా లెక్క. ఈ ఒక్క సంగతే ఆ లెక్కలోకి రావడం లేదు.

సౌదీలో, రాబిగ్‌లో పైపుల పని నాది. ఎండాకాలం మధ్యాహ్నాలు బయట పని ఆపేస్తారు. రెస్ట్ రూములో ఏసీ కింద నడుం వాలుస్తాం. ఆ వేళ తోటివాళ్ళకు చరిత్ర చెప్పడం నాకు సరదా.

పోయిన వేసవిలో హత్తుసా అందుకున్నాను. టర్కీ కొండల్లో మూడు వేల ఏళ్ళు దాటిన శిథిలాలవి, హిట్టైట్ రాజుల రాజధాని. రాతి సింహాల ద్వారం ఉంది. కోటగట్టు అడుగు నుంచి బయటికి పోయే సొరంగం ఉంది. దాని రెండు పక్కల రాళ్ళూ పైన ఒకదానికొకటి ఆనుకుని గుడారంలా కనిపిస్తాయి. ఆ జనం నీళ్ళను ‘వాతర్’ అనేవారని కూడా చదివాను.

అది విని మా రూమ్మేట్ రాజన్న లేచి కూర్చున్నాడు. “అరె, మనం గూడ వాటర్ అనే అంటం గదనే! గట్లయితే మనం ఆ రాజుల సుట్టాలమే. ఈ వీసా ఇచ్చిన కఫీల్‌ను ఇడిసిపెట్టి వాళ్ళ కింద వీసా తీస్కుందామా అన్నా?”

అందరం నవ్వాం, మా సూపర్‌వైజర్ కెమాల్ తప్ప. ఆయనది టర్కీ. మాతో అరబ్బీ, వచ్చీరాని హిందీ మాట్లాడతాడు. ఆ రోజు మూలన కూర్చుని ఫోన్ వదలడం లేదు. ఇంటి దగ్గర ఏదో కష్టమని మాత్రం మాకు అర్థమైంది. మతిమరుపు ఉన్న ఆయన తండ్రి పొద్దున్నే ఇల్లు దాటి వెళ్ళి కనిపించకుండా పోయాడనీ, మండే ఎండలో బస్టాండు, ఆసుపత్రి, పొలాలు అన్నీ వెతుకుతున్నారనీ తర్వాత తెలిసింది.

నాకు కునుకు పట్టింది. కలలో ఆ సొరంగంలో నడుస్తున్నాను. అవతలి కొసన, వెలుతురులో, ఒక పెద్దాయన రాయికి ఆనుకుని ఉన్నాడు. నన్ను చూసి చెయ్యెత్తి, “సూ... సూ...” అన్నాడు.

మన ఇళ్ళలో పిల్లలు సూ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. పాపం, ఆపుకోలేకపోతున్నాడనుకున్నాను. గోడ చాటు చూపించి, మర్యాదగా అటు తిరిగి నిలబడ్డాను. ఆయన ఇంకా గట్టిగా అరిచాడు. మెలకువ వచ్చింది.

రాజన్నకు చెబితే పొర్లి పొర్లి నవ్వాడు. “గంత దూరం హత్తుసా పోయి, ముసలాయన సూ పోస్తుంటే కావలి ఉన్నవా?”

కెమాల్ ఫోన్ దించాడు. మా తెలుగులో ఆయనకు అందినవి రెండే మాటలు. “హత్తుసా? సూ? క్యా బోలా?” అంటూ నా మీదికి వచ్చాడు. కల చెప్పాను. గోడ చాటు సంగతి మాత్రం సిగ్గేసి మింగేశాను.

ఆయన ముఖంలో రంగు పోయింది. ఆ శిథిలాలు వాళ్ళ ఊరి పక్కనే. తండ్రి ఒకప్పుడు అక్కడ కాపలా ఉద్యోగి. మోకాళ్ళు అరిగిన మనిషి అంత ఎత్తు ఎక్కలేడని అటువైపు ఎవరూ వెళ్ళలేదు. ఇక టర్కీ భాషలో సూ అంటే నీళ్ళు.

కెమాల్ ఫోన్ చేస్తే, ఊళ్ళో ఉన్న తమ్ముడు కారులో పరుగెత్తాడు. ఫోన్ మళ్ళీ మోగేదాకా అందరం కెమాల్ చుట్టూనే కూర్చున్నాం. పెద్దాయన సొరంగం అవతలి కొసనే ఉన్నాడు. పెదవులు పగిలాయి, ప్రాణానికి భయం లేదు. కెమాల్ నన్ను ఎత్తి గిరగిరా తిప్పేశాడు.

కారణాలు వెతుక్కున్నాను. సొరంగం పుస్తకంలో చూసిందే. సూ అన్న మాట కెమాల్ ఫోన్‌లో అంటుండగా నిద్రలో నా చెవిన పడి ఉండొచ్చు. ఆ ఊరు కెమాల్‌ది కావడం కాకతాళీయం. అలా సర్దిచెప్పుకుని కొన్నాళ్ళు హాయిగానే ఉన్నాను.

తర్వాత ఒక శుక్రవారం కెమాల్ వీడియో కాల్‌లో తండ్రిని చూపించాడు. పెద్దాయన నన్ను చూడగానే వేలు ఆడిస్తూ కోప్పడ్డాడు. కెమాల్ ముందు నవ్వి, అంతలోనే ఆగిపోయి, నాకు హిందీలో చెప్పాడు. “వీడే వచ్చింది. నీళ్ళడిగితే గోడ చూపించి అటు తిరిగి నిలబడ్డాడు” అని తండ్రి అన్నాడట.

గోడ సంగతి కెమాల్‌కు నువ్వే చెప్పావా అని రాజన్నను నిలదీశాను. “నీ తోడు అన్నా, గా ముచ్చట హిందీల జెప్పుడు నాతోని అయితదా?” అన్నాడు.

కొడుకు పేరే తడుముకునే మనిషికి నేను గుర్తున్నాను. నేనా, టర్కీ మొహం చూసి ఎరగను. ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలియదని రాయడం నాకు బొత్తిగా అలవాటు లేని పని.