చందువ చల్లారేదాకా

మా బావ సింహాద్రి గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు ఒళ్ళు మండుతుంది, తరవాత నవ్వొస్తుంది. ఓడలు రిపేరు చేసే యార్డులో వెల్డింగు పని చేసుకుంటూ, వేళకి తిని వేళకి పడుకునే మనిషి. అలాగే ఉంటే ఎవరికేం నష్టం? ఒకరోజు పాత ఓడ కిటికీ అద్దం పగిలి, ఓ ముక్క మంటకి కరిగి ఇనుపరేకుకి అంటుకుని ఎండలో మెరిసిందట. అంతే, మనిషి మనకి కాకుండా పోయాడు. ఉద్యోగం మానేశాడు. మా అక్క ధనశ్రీని చేసుకుని మల్కాపురంలో మా ఇంట్లోనే ఉంటాడు కాబట్టి, బట్టీ కూడా మా పెరట్లోనే కట్టాడు. ఇక నుంచి ఇనుమూ గాజూ కలిపి శిల్పాలు చేస్తానన్నాడు.

ఆ రెండూ ఒక పట్టాన కలవవు. వేడికి రెండూ సాగుతాయి గానీ, చల్లారేటప్పుడు ఇనుము దారి ఇనుముది, గాజు దారి గాజుది. తొందరపెడితే గాజు టప్‌మంటుంది. ఆ టప్ వినబడిందంటే ఆ పూట బావని ఎవరూ పలకరించకూడదు. ఏళ్ళ తరబడి పగలగొట్టి పగలగొట్టి చివరికి కిటుకు పట్టాడు. రెంటికీ మధ్య వెంట్రుకంత ఖాళీ వదలాలి. బట్టీ తలుపు మూసి, దానంతట అది చల్లారేదాకా ముట్టుకోకూడదు.

అలా పగలకుండా బయటికొచ్చిన మొదటి బొమ్మ ఓ రొయ్య. మద్దిలపాలెంలో ఒక హోటలువాళ్ళు కొనుక్కున్నారు. బావ ఇస్త్రీచొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్ళాడు. వాళ్ళు దాన్ని కౌంటరు మీద పెట్టి, మీసాల సందుల్లో విజిటింగ్ కార్డులు గుచ్చారు. బావ కాఫీ తాగి లేచాడు.

"మంచి సోటే ఎట్టారురా. వొచ్చినోలందరికీ కనబడతాది" అన్నాడు దారిలో. నాకైతే వెనక్కి వెళ్ళి ఆ కార్డులన్నీ పీకి పారేయాలనిపించింది.

ఎంతకాలమని మా అక్క మాత్రం ఓర్చుకుంటుంది? ఈ ఏడు తేల్చి చెప్పేసింది. "బీచ్ రోడ్డులో బొమ్మల హాలువోలు ఆల తోటలో ఎట్టడానికి ఒక బొమ్మ ఎంచుతారంట. నీది ఎంచితే నాను మరి నోరెత్తను. లేపోతే బట్టీ అమ్మేసి గోపాలపట్నంలో గ్రిల్సు షాపు పనికెల్లు."

బావ సరేనన్నాడు. బండిచక్రమంత చందువ చేపని మొదలుపెట్టాడు. ఓడ రేకులతో పక్కటెముకలు, వాటి మధ్య సముద్రం రంగు గాజు. తిండీ నిద్రా లేకుండా చేసి, చివరిసారి బట్టీలో పెట్టి, "నాను సెప్పీదాకా తలుపు ముట్టొద్దు" అని అందరికీ విడివిడిగా చెప్పి, గరుకు కాయితం కొనడానికి వెళ్ళాడు.

మా అమ్మ సూర్యకాంతమ్మ హార్బరు దగ్గర ఎండుచేపలు అమ్ముతుంది. అల్పపీడనం పట్టి వాన విడవడం లేదు. బుట్టెడు నెత్తళ్ళు, వేలెడంత చేపలవి, ఆరక వాసన మారిపోతున్నాయి. వాటిని చూసి ఏడుపు ముఖం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిన మనిషి, బట్టీ గోడకి చెయ్యి ఆనించి చూసింది. వెచ్చగా ఉంది. ఇంకేముంది, తలుపు తీసి, చందువ పక్కటెముకల మీద నెత్తళ్ళన్నీ వరసగా పేర్చి, తలుపు మూసేసింది.

బావ వచ్చేసరికి పెరడంతా వేయించిన చేపల వాసన.

"తలుపు తీసేవా అత్తా?" అన్నాడు నెమ్మదిగా.

"తీసి ఎంటనే మూసేసినాను. ఏటయింది? ఊరికే పోతన్న బట్టీ ఏడి గదా. నెత్తళ్ళు కుళ్ళిపోతంటే సూత్తా కూకోమంటావేటి?"

బావ అక్కడే తడినేల మీద కూర్చుని, గోడ పూర్తిగా చల్లబడేదాకా ఆగాడు. అప్పుడు లేచి తలుపు తీశాడు. అదృష్టం, గాజు పగల్లేదు. అమ్మ తలుపు తీసేటప్పటికే గాజు తట్టుకునేంత వేడికి దిగిపోయిందట. చందువ తళతళలాడుతోంది. దాని మీద నెత్తళ్ళు కరకరలాడుతున్నాయి. నేనొకటి నోట్లో వేసుకున్నాను. అబద్ధమెందుకు, అంత బాగా ఎండిన నెత్తళ్ళు నేనెప్పుడూ తినలేదు.

చిక్కంతా వాసనతోనే వచ్చింది. చేపనూనె కారి, బావ అంత కష్టపడి వదిలిన వెంట్రుకంత ఖాళీలోకి దిగిపోయింది. నిమ్మకాయ, చింతపండు, సబ్బుపొడి, అక్క షాంపూ, అన్నీ అయ్యాయి. ఆఖరికి సాంబ్రాణి పొగ వేశాం. దాంతో చేపలబజార్లో పూజ చేసినట్టు తయారైంది.

మర్నాడు చందువని నా ట్రాలీ ఆటోలో హాలుకి తీసుకెళ్ళాను. అమ్మ పట్టుచీర కట్టుకుని మరీ ఎక్కి కూర్చుంది. బొమ్మ దించామో లేదో, ఎక్కడివో పిల్లులు వచ్చి చుట్టూ చేరాయి. ఎంపిక చేసేవాళ్ళు ఇద్దరు. శ్రీరామ్మూర్తి గారని రిటైరైన శిల్పం మేష్టారు, ఆశాజ్యోతి గారని హాలు చూసుకునే ఆవిడ.

మేష్టారు వంగి గాజుని తడిమి తడిమి చూశారు. "ఇనుములో గాజు ఇంత బాగా అమరడం నేనెక్కడా చూడలేదయ్యా" అన్నారు. మా బావ చెవులు ఎర్రబడ్డాయి. అంతలో మేష్టారి ముక్కుపుటాలు కదిలాయి. "ఈ వాసనేమిటి?"

"సముద్రం గుర్తురావాలని కావాలనే పెట్టారేమో" అన్నారు ఆశాజ్యోతి గారు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

దేవుడిచ్చిన మాట అది. "అవునను బావా" అని వెనకనుంచి డొక్కలో పొడిచాను. బావ ఒకసారి తలతిప్పి మా అమ్మ వైపు చూశాడు. అమ్మ కొంగు నలుపుకుంటూ నిలబడింది.

"కాదండి. వానకి నెత్తళ్ళు ఆరలేదండి. నానే బట్టీలో ఎట్టినాను" అన్నాడు.

"చేస్తున్న శిల్పం మీద ఎండుచేపలు ఆరబెట్టావా?"

"అవునండి."

"నీ పని అంటే నీకే లెక్కలేకపోతే మేమేం చెయ్యగలం?" అని మేష్టారు పక్క బొమ్మ దగ్గరికి వెళ్ళిపోయారు. చందువని మళ్ళీ నా ఆటోలోకే ఎక్కించాం.

నాకు కోపం ఆగలేదు. సిగ్నలు దగ్గర అడిగేశాను. "అమ్మ ఎట్టిందని నిజం సెప్తే నీ నోరు పడిపోద్దేటి బావా?"

బావ గొంతు తగ్గించి, "పట్టుసీర కట్టుకొచ్చింది గదా. అంతమందిలో ఎలాగ సెప్పమంటావు" అన్నాడు.

వెనక చందువని పట్టుకుని కూర్చున్న అమ్మకి ఆ మాట వినబడింది. ఇల్లు చేరేదాకా ఆవిడ పట్టుచీర కొంగుతో చందువ గాజు తుడుస్తూనే ఉంది.

వారం తిరక్కుండానే పాతసామాన్ల గురునాథరావు బట్టీ విప్పుకెళ్ళడానికి మనుషులతో వచ్చాడు. అమ్మ ముక్కాలిపీట తెచ్చి బట్టీకి అడ్డంగా వేసుకుని కూర్చుంది. "అమ్మకం లేదు. ఎల్లిపోండి."

"మాటిచ్చేసినాను అత్తా" అన్నాడు బావ.

"నీ పెళ్ళానికిచ్చేవు. నాకేటి ఇయ్యలేదు. వానల్లో నా సేపలు ఎక్కడ ఆరబెట్టుకోమంటావు?"

అక్క ఇద్దరినీ మార్చిమార్చి చూసి, లోపలికెళ్ళి కూర తరుక్కుంది. గ్రిల్సు షాపు ఊసు మళ్ళీ ఎత్తలేదు. చందువని వీధిగుమ్మం పక్కన నిలబెట్టాం. పిల్లులు దాన్ని వదల్లేదు.

మొన్న మళ్ళీ ముసురు పట్టింది. బట్టీలో బావ కొత్తబొమ్మ చల్లారుతోంది. బావ అలసిపోయి పడుకున్నాడు. బుట్టెడు నెత్తళ్ళు మెత్తబడిపోతున్నాయి. అమ్మ బట్టీ దాకా వెళ్ళింది, గోడకి చెయ్యి ఆనించింది, తీసేసింది.

"ఎట్టేయమ్మా. బావ లెగిసేలోపు తీసేద్దాం. ఎవలికి తెలుస్తాది" అన్నాను.

అమ్మ నన్ను చూసిన చూపుకి నేను రెండడుగులు వెనక్కి వేశాను. బుట్ట నెత్తినెట్టుకుని వానలో వెళ్ళి, కోళ్ళమేతకి కొనేవాడికి మొత్తం ఇచ్చేసి వచ్చింది. బట్టీ తలుపు ముందు పీట వేసుకుని, గొడుగు వేసుకుని కూర్చుంది.

"అన్ని సేపలు పాడుసేసుకున్నావు గదే" అన్నాను ఉండబట్టలేక.

"నెత్తళ్ళు రేపొచ్చే వల్లో పడతాయి. ఇది పగిల్తే ఆడికి మళ్ళీ సేసే ఓపికుంటాదేటి? నువ్వు కాస్త మెల్లగా మాటాడు, లోపల గాజుంది."

టీ తెమ్మంటావా అని గుసగుసగా అడిగాను. గ్లాసు చప్పుడవకుండా తెమ్మంది.